యాత్రలో ఆహార విహారములు

తిరుపతి ప్రయాణమనగానే పులిహోర, అప్పచ్చులు మూటగట్టుట మనకు వాడుక. కాని రైలులో పగలెల్ల కదలక కూర్చుండు దేహమునకు ఇంటిపనినాటి భోజన మక్కరలేదు. పెరుగన్నము, పండు, మంచినీరు చాలును. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయనిచో కాళ్లు వాచును.

మరునాడు అలిపిరినుండి 3,550 మెట్లెక్కునప్పటి సంగతి వేరు. మధుమేహమునకు ఇన్సులిన్ పుచ్చుకొను స్త్రీ ఉపవాసముతో ఎక్కుట ప్రమాదకరము. శ్రమచే రక్తములోని చక్కెర తగ్గి, చెమటలు పోసి, వణుకు పుట్టి సొమ్మసిల్లవచ్చును. ఆమె ముందుగా వైద్యుని యడిగి మోతాదు సవరించుకొని, కొంత భుజించి బయలుదేరవలెను. వణుకు తోచగానే నోట వేసికొనుటకు చక్కెర పొట్లము కొంగున నుంచుకొనవలెను.

ఇల్లు చేరిన పిమ్మట నడక మానరాదు. మెట్లెక్కిననాటి తిండి మాత్రము మానవలెను.