తెచ్చిన కుక్కను వెంట తీసుకెళ్లండి

గుడివాడ నుంచి ఎదురుమొండి దీవిలోని బడికి నాకు డెప్యుటేషన్ పడిందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగిన మొదటి మాట, "మరి కర్రోడి సంగతేంటి?" అని. కర్రోడు మా కుక్క. ఆరేళ్ల కిందట వానలో తడుస్తూ మా గేటు కింద నుంచి దూరి వచ్చిన ఊరకుక్క. నేను పెట్టకపోతే అన్నం ముట్టడు. నాలుగైదు నెలలే కదా, వెంటబెట్టుకునే వెళ్దామనుకున్నాను.

బయల్దేరే ముందు పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాను. ఏటా వేయించేదే గానీ, దీవికి వెళ్లేటప్పుడు అది మరీ ముఖ్యం. కుక్క కరిచాక సూదుల కోసం పాయ దాటి తిరిగే గతి ఎవరికీ పట్టకూడదు.

డిసెంబరులో పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి, ఏటిమొగ రేవులో పంటు ఎక్కాం. ఇంజను చప్పుడుకి కర్రోడు నా కాళ్ల మధ్య ముడుచుకున్నాడు. "టీచరమ్మా, వెళ్లేటప్పుడు దీన్ని మళ్లీ ఎక్కిస్తారుగా?" అన్నాడు పంటు నడిపే ఆయన. ఎందుకడిగాడో అప్పుడు నాకు తెలియలేదు.

జనవరి వచ్చాక తెలిసింది. ఆ నెల నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. నాచుగుంట, ఈలచెట్లదిబ్బ, సొర్లగొంది, కోడూరు వైపు పాలకాయతిప్ప, ఈ తీరమంతా వాటికి పురిటిల్లు. చీకట్లో ఇసుక మీదికి పాకి, వెనక కాళ్లతో కుండలాంటి గుంట తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి పోతుంది తల్లి. ఆ గూటి దగ్గరికి మళ్లీ రాదు. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు గుడ్లను పొదిగేది ఇసుక వేడే. అటవీశాఖ కాపలావాళ్లు తెల్లారకముందే తిరిగి గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట పూడ్చి కాపాడతారు. వాళ్లకన్నా ముందు కుక్క వాసన పట్టిందా, ఆ గూడు దక్కదు.

ఓ ఆదివారం పొద్దున్నే పిల్లలతో కలిసి పడవలో ఇసుక దిబ్బకి వెళ్లాను. కర్రోణ్ణి విప్పి వదలడం నా తప్పే. వాడు పరుగెత్తిన చోటికి వెళ్లి చూస్తే అప్పటికే మూడు బక్క కుక్కలు ఒక గూడు తవ్వేసి ఉన్నాయి. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు చితికిపోయి, సొన ఇసుకలో ఇంకిపోయింది. కర్రోడూ అందులో మూతి పెట్టాడు. ఆ మూడింట్లో ఒకదాని మెడకి ఎర్ర పట్టీ ఉంది. "అది రొయ్యల చెరువు కాపలా ఆయన కుక్క టీచర్. పనైపోయింది, ఆయన వెళ్లిపోయాడు," అన్నాడు ఐదో తరగతి పిల్లాడు. పంటు ఆయన ప్రశ్న నాకు అప్పుడు తగిలింది.

ఆకలేసిన కుక్కది తప్పు కాదు. దాన్ని నీళ్లు దాటించి తెచ్చి, ఒంటరిగా వదిలి వెళ్లినవాడిది. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు ఈ తాబేలుకీ మొదటి షెడ్యూలులోనే రక్షణ ఉంది. ఇక తాబేళ్లను చంపేది కుక్కలేనా, ట్రాలర్ల వలల్లో ఊపిరాడక చచ్చేవాటి మాటేమిటని కొందరు అడుగుతారు. అలా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటిని నేనూ చూశాను. ఆ వలల మీద గట్టిగా మాట్లాడాల్సిందే. అది తేలేదాకా మన కుక్కను మనం కట్టేసుకోకూడదా?

ఆ రోజు నుంచి పొద్దుగూకితే కర్రోణ్ణి వసారాలో కట్టేశాను. ఉప్పు గాలికి ఇనుప గొలుసు నెలకే తుప్పు పట్టింది. ఒక పిల్లాడి తండ్రి వలతాడుతో పట్టీ అల్లి ఇచ్చాడు. ఏప్రిల్ చివర ఆ తాడుతోనే వాణ్ణి తిరుగు పంటు ఎక్కించాను.

దీవుల్లో యజమాని లేకుండా మిగిలిపోయిన కుక్కలకు టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆ పని తాబేళ్ల కాలం మొదలవకముందే, డిసెంబరులోపు జరగాలి. పశువైద్య సిబ్బందిని పంటు మీద దీవికే పంపాలి. పక్కనే మడ అడవుల్లో బావురు పిల్లులున్నాయి, కుక్కల రోగాలు వాటికీ అంటగలవు.

ఉద్యోగానికో చెరువు పనికో దీవికి వెళ్లే మీ అందరికీ నా విన్నపం: కుక్కను తీసుకెళ్లండి, రాత్రిళ్లు కట్టేయండి, తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి. చెరువుల యజమానులారా, కాపలావాళ్లకి లెక్క చూసి పంపే రోజున, కుక్కకి కూడా పంటు ఛార్జీ చేతిలో పెట్టండి.