చౌక హోస్టింగ్ మామిడి సీజనుకు చాలునా?

ఆన్‌లైన్ వ్యాపారానికి అన్నింటికన్నా చౌకైన హోస్టింగే చాలునన్న గత సంచిక వ్యాసంలోని వాదన ఏడాది పొడవునా ఒకే తీరున సాగే దుకాణానికి వర్తిస్తుందేమో గాని, తిరువూరు ప్రాంతపు మామిడి అమ్మకాలకు పొసగదు. హోస్టింగ్ అంటే వెబ్‌సైటును నిరంతరం పనిచేసే సర్వర్‌లో అద్దెకు ఉంచడం. చౌకదైన షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను అనేక సైట్లు పంచుకుంటాయి గనుక, ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి, రసాల ఆర్డర్లు ఒక్కసారిగా మీదపడినప్పుడు చెల్లింపు పేజీలో చక్రం తిరుగుతూనే ఉంటుంది, కొనేవారు విసిగి వెళ్లిపోతారు, కోసిన కాయ మాత్రం ఆగదు. సీజనుకు సామర్థ్యం పెంచుకొని ఆపై తగ్గించుకోగల క్లౌడ్ సేవే ఇక్కడ నయం. అలాంటి సేవలందించే అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తన కేంద్రాలను ప్రారంభించినందున, సర్వర్ కోసం విదేశాల వైపు చూడవలసిన పనీ లేదు.

వ్యాసకర్త బొత్తిగా విస్మరించిన అంశం డొమైన్, అనగా సైటు చిరునామా. అది సైటు తయారుచేసిన కుర్రవాడి పేరున నమోదైతే, అతడు ఊరు మారిన నాడు నమోదు గడువు పొడిగించుకోవాలన్న రెన్యువల్ సందేశం అతని ఈమెయిల్‌కే పోతుంది. గడువు దాటితే దుకాణం మూతపడుతుంది.

— ఒక పాఠకుడు, తిరువూరు