అటెండరుకు చోటు లేని భద్రతా కమిటీ

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం 2010 ఫిబ్రవరిలో పాత సామాను వేలం వేసింది. అందులో కెనడా నుంచి ఎప్పుడో తెప్పించిన గామా సెల్ ఒకటి. 1985 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. లోపల రేడియోధార్మిక కోబాల్ట్-60 మాత్రం అలాగే ఉంది. మాయాపురి తుక్కు బజారులో ఆ యంత్రాన్ని విప్పి ముక్కలు చేసిన కూలీలు రేడియేషన్ బారిన పడ్డారు. ఏప్రిల్‌లో ఒకరు చనిపోయారు. అణుశాస్త్రం చదివినవాళ్లకు కొదవలేని ప్రాంగణం అది. అయినా ఆ పెట్టె గేటు దాటే ముందు ఆపినవాళ్లు లేరు.

2018 డిసెంబరు 5న బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థ ప్రయోగశాలలో గ్యాస్ సిలిండర్ పేలి ఒక యువ పరిశోధకుడు ప్రాణాలు కోల్పోయాడు. ముగ్గురు గాయపడ్డారు. 2022 జూలైలో బాసర ట్రిపుల్ ఐటీ మెస్‌లో మధ్యాహ్నం అన్నం తిన్న విద్యార్థులు వందమందికి పైగా అస్వస్థులయ్యారు. చదువులమ్మ గుడిలో ప్రమాదాలేమిటని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఈ మూడూ చాలు.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలోనూ ఉన్నత విద్య కొత్త కాదు. మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వందేళ్లు దాటాయి. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది, తర్వాత వైద్య కళాశాల వచ్చింది. అంగళ్లు దారి ఇంజినీరింగ్ కాలేజీల దారి అయింది. పుంగనూరు ఆవు జాతిని కాపాడే పని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో సాగుతోంది. ఇన్ని చోట్ల యాసిడ్లున్నాయి, సిలిండర్లున్నాయి, ఇంజక్షన్ సూదులున్నాయి, హాస్టల్ వంటశాలలున్నాయి. కుప్పం వైపైతే పొద్దుగూకాక ఏనుగుల భయం కూడా ఉంది. రాత్రి కాపలా కాసే వాచ్‌మన్‌కు అది పని ప్రదేశంలోని ప్రమాదమే.

పశువుల శాల ఉన్న ఏ సంస్థనైనా తీసుకోండి. ఆవు ఈనితే మాయ తీసేది, తడిసిన గడ్డి ఎత్తిపోసేది రోజుకూలీ. ఆవుకు బ్రూసెల్లా సోకి ఉంటే ఆ మాయలోనూ ఆ ద్రవాల్లోనూ క్రిములు కుప్పలుగా ఉంటాయి. ఒట్టి చేతులతో తీసినవాడికి వచ్చి పోయే జ్వరం, రాత్రిపూట చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి పట్టుకుంటాయి. మామూలు జ్వరమనుకుని మాత్రలు మింగుతూ పనికి వస్తూనే ఉంటాడు. పశువైద్యం చదివే ప్రతి విద్యార్థీ ఈ పాఠం చదువుతాడు. మోచేతి దాకా వచ్చే గ్లవ్స్ జత కొనాలన్న నిర్ణయం మాత్రం ఏ సమావేశం ఎజెండాలోకీ ఎక్కదు. అడగాల్సిన మనిషికి అక్కడ కుర్చీ లేదు.

కమిటీలకు కొరత లేదు. కాలేజీల నాణ్యతను తేల్చే న్యాక్ మదింపుకు ముందు గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ ఫైళ్లు తయారవుతాయి, కమిటీ పేర్ల బోర్డులు వేలాడతాయి. వాటిలో ఛైర్మన్ ప్రిన్సిపాల్, సభ్యులు విభాగాధిపతులు. ల్యాబ్ అటెండరు, వంటమాస్టరు, ఎలక్ట్రీషియన్, పారిశుద్ధ్య కార్మికురాలు, రాత్రి పదింటి దాకా ఒంటరిగా ప్రయోగం చేసే రీసెర్చ్ స్కాలర్ కనిపించరు. ఇది ఏమరపాటు కాదు. ప్రమాదాన్ని రోజూ చూసే మనిషిని కూర్చోబెడితే సమాధానం చెప్పాల్సి వస్తుందన్న భయం.

చట్టం కూడా ఈ తప్పుకు కొమ్ము కాస్తోంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-జి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పనులున్న ఫ్యాక్టరీల్లో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో కూర్చునే కమిటీ తప్పనిసరి అయింది. యూనివర్సిటీ ఫ్యాక్టరీ కాదు కనుక ఆ నిబంధన దాని గేటు బయటే ఆగిపోయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కమిటీ తప్పనిసరయ్యే గీత 500 మంది కార్మికుల దగ్గర గీశామని కేంద్రం చెబుతోంది. విద్యార్థి కార్మికుడు కాడు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఆ లెక్క నిండే కాలేజీ ఈ మూడు ఊళ్లలో ఎన్ని ఉంటాయి?

బ్రిటన్‌లో 1978 నుంచి నిబంధన వేరు. యూనియన్ నియమించిన ఇద్దరు భద్రతా ప్రతినిధులు రాతపూర్వకంగా అడిగితే చాలు, మూడు నెలల్లో కమిటీ వేయాల్సిందే. విశ్వవిద్యాలయాలకు మినహాయింపు లేదు. మన పిల్లలు ఎంఎస్సీ కోసం అప్పు చేసి అక్కడికి వెళ్తే ఆ రక్షణ దొరుకుతుంది, సొంత జిల్లాలో చదివితే దొరకదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, కాపలా కాసేవాళ్లు ఎక్కువమంది ఔట్‌సోర్సింగే. వైరు తెగి వేలాడుతోందని ఫిర్యాదు చేస్తే వచ్చే నెల పేరు ఉంటుందో లేదో అన్న బెంగ వాళ్లది. అందుకే ఫిర్యాదు చేసినవారి ఉద్యోగానికి రక్షణ ఇవ్వని కమిటీ ఉన్నా లేనట్టే.

పర్యావరణం మాట కూడా ఇక్కడే తేలాలి. ఇది బోరు నీళ్ల మీద బతికే కరువు నేల. ప్రమాదకర వ్యర్థాలకు 2016 నిబంధనలున్నాయి. అయినా ప్రాక్టికల్ అయ్యాక బీకర్లలో మిగిలింది సింకులో పోసి కుళాయి తిప్పడం అలవాటైపోయింది. ఆ పైపు ఏ ఇంకుడు గుంతలో కలుస్తుందో, దానికి ఎంత దూరంలో హాస్టల్ బోరు ఉందో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

ఉన్నత విద్యామండలి ఒక్క ఉత్తర్వుతో దీన్ని సరిదిద్దగలదు. కమిటీలో సగం మంది సిబ్బంది, విద్యార్థులు ఎన్నుకున్నవారై ఉండాలి. ఔట్‌సోర్సింగ్ వారికీ ఓటుండాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఏం అడిగారో, ఏం చేశారో నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. ప్రాణాపాయం కనిపిస్తే ఆ గదికి తాళం వేయించే అధికారం కమిటీకి ఉండాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ఆ ఉత్తర్వు రావాలి. అప్పటిదాకా ఆగకుండా, పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ఫీజు రసీదుతో పాటు భద్రతా కమిటీ చివరి సమావేశం మినిట్స్ కూడా చూపించమని అడగాలి.