విద్యార్థులు – కుట్టుకూలీలు

విద్యార్థులు పాఠములు చదువుకొనవలెను గాని లోకవ్యవహారములతో వారికేమి పని యని పలుకు పెద్దలు ప్రతి తరమునందును గలరు. 1907లో రాజమహేంద్రవరమున వందేమాతర చిహ్నములు ధరించిన విద్యార్థులకును ఈ హితబోధయే జరిగినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టిరి. ఆ యువకులు తప్పు చేసిరని నేడనువా రెవ్వరు? ఇట్టి నిందనే అమెరికా విద్యార్థులును పడిరి. వారి చరిత్ర మన పాఠకులు తెలిసికొనదగినది.

అచ్చటి విశ్వవిద్యాలయములు తమ పేరును ముద్రను ఉడుపులపై వేయుటకు కంపెనీలకు లైసెన్సు నిచ్చి రుసుము పుచ్చుకొనును. ఆ యుడుపులను కుట్టువారిలో హాండురాస్, మెక్సికో, బంగ్లాదేశ్ మున్నగు దేశముల పేదస్త్రీ లనేకులు. కూలి స్వల్పము, పనిగంట లధికము. సంఘము పెట్టుకొన్నచో పని పోవునను భయము. 1999లో డ్యూక్, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ విద్యార్థులు విశ్వవిద్యాలయాధికారుల కార్యాలయములలో బైఠాయించిరి. కర్మాగారముల చిరునామాలు బయటపెట్టవలెననుట వారి ముఖ్యమైన కోర్కెలలో నొకటి. మఱుసటి యేడు కర్మాగారములను విచారించుటకై వర్కర్ రైట్స్ కన్సార్టియ మను సంస్థ వెలసెను.

ఈ యుద్యమమునకు బలమైన ఆక్షేపణ యొకటి గలదు. కొనుట మానినచో కంపెనీకి లాభము తగ్గును, కుట్టుకూలికి గంజియే పోవునని. కూలిలెక్క లెఱిగిన మన పాఠకులు దీనిని తేలికగా త్రోసివేయరు. సమాధానము 2009లో లభించినది. ఆ జనవరిలో రస్సెల్ కంపెనీ హాండురాస్‌లోని తన కర్మాగారము నొకదానిని మూసివేయగా సుమారు 1,200 మంది పని గోల్పోయిరి. కార్మికసంఘముపై ద్వేషమే ఈ మూతకు ఒక ముఖ్యకారణమని పై సంస్థ విచారించి తేల్చెను. సంఘనాయకులు స్వయముగ అమెరికా కళాశాలలు తిరిగి సాయము కోరిరి. విద్యార్థుల యొత్తిడిచే వందకు చేరువగ విశ్వవిద్యాలయములు ఆ కంపెనీతో ఒడంబడికలు త్రెంచుకొనెను. నవంబరులో కంపెనీ దిగివచ్చి, క్రొత్త కర్మాగారము తెఱచి పనివారిని మరల చేర్చుకొనుటకును, సంఘమును గుర్తించుటకును సమ్మతించెను.

ఇందలి కీలకము స్పష్టము. ఆ బహిష్కారమునకు పనివారి సమ్మతి గలదు. ఏ షరతు నెరవేరిన ముగియునో ముందే నిర్ణయమై యుండెను. ఈ రెండును లేని బహిష్కారము కూలివాని కడుపు గొట్టును.

దీనితో మనకేమి సంబంధమందురా? మన బిడ్డలు వేలకొలదిగ అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున మన పల్లెల స్త్రీలు విదేశములకై ఉడుపులు కుట్టుచున్నారు. 2022లో జూన్, ఆగస్టు నెలలయందు విషవాయువు సోకి వారిలో వందలమంది ఆసుపత్రుల పాలైరి. కొను బిడ్డయు కుట్టు బిడ్డయు మనవారే. చొక్కా యెచ్చట కుట్టిరి, కూలి యెంత యిచ్చిరి యని యడుగుట చదువునకు విఘ్నము కాదు. విదేశవస్త్రములను తగులబెట్టిన జాతికి ఈ ప్రశ్న క్రొత్తదియు కాదు. మన విశ్వవిద్యాలయములును, బడిపిల్లలకు దుస్తులు కొను ప్రభుత్వములును, న్యాయమైన కూలియు సంఘస్వాతంత్ర్యమును తమ ఒడంబడికలలో షరతులుగ చేర్చవలెనని మేము కోరుచున్నాము.