కత్తిపీటా? చాకా?

రేపల్లె దగ్గర పెనుమూడి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "కూరలు తరుగుతూ ఈ ఏడాది రెండుసార్లు వేలు కోసుకున్నాను. కత్తి మొద్దుగా ఉంటేనే క్షేమమని మా అత్తగారంటారు. కత్తిపీట మానేసి చాకుల సెట్టు కొందామని మావారంటారు. ఏం చెయ్యమంటారు?" అని. కత్తుల సంగతి డాక్టర్ని అడగడమేమిటని నవ్వుకోనక్కర్లేదు. తెగిన వేళ్ళకు కుట్లు వేసేది మేమే గదా!

అత్తగారి మాట పొరపాటు. మొద్దుబారిన కత్తితో కొయ్యాలంటే బలంగా నొక్కాలి. ఆ నొక్కుడుకి ఉల్లిపాయ మీద నుంచి కత్తి జారి వేలి మీదికి వస్తుంది. పైగా మొద్దు కత్తికి చర్మం తిన్నగా తెగక నలిగి చీలుతుంది. అటువంటి గాయం ఆలస్యంగా మానుతుంది. పండిన టమాటా మీద బలం పెట్టకుండా కత్తి లాగి చూడండి. తొక్క తెగకపోతే సాన పట్టించవలసిన వేళ అయిందన్నమాట.

ఇక కత్తిపీట. చాకుతో కోసేటప్పుడు కూరగాయ నిలిచి కత్తి కదులుతుంది. కత్తిపీట దగ్గర కత్తి నిలిచి ఉంటుంది, మన చేతులే దాని మీదికి వెళతాయి. కాలితో పీట తొక్కిపెట్టి రెండు చేతులా పట్టుకోవచ్చు కాబట్టి, జారిపోయే చేపల్ని శుభ్రం చెయ్యడానికి అంతకు మించినది లేదని కృష్ణ ఒడ్డున ఉన్న మీకు నేను చెప్పాలా? కాని కోస్తూ కోస్తూ ఎవరో పిలిచారని తల తిప్పితే మాత్రం ప్రమాదమే. పని కాగానే కత్తిని మడవండి. మడత లేనిదయితే పాకే పిల్లలకు అందనిచోట పెట్టండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద కూర్చుని అవస్థపడకుండా గట్టు మీద చాకు వాడుకోవచ్చు.

సెట్టు అనవసరం. ఆరేడు అంగుళాలది ఒకటి, తొక్కలు తియ్యడానికి చిన్నది ఒకటి చాలు. లోపలి ఉక్కు పిడి చివరిదాకా ఉండి, మేకులతో బిగించినది చూసి కొనండి. పిడికీ కత్తికీ మధ్య సందు ఉంటే చేపల జిగురు అక్కడే చేరుతుంది. తడిచేత్తో పట్టుకు చూడండి, జారితే కొనకండి. ఇనుప కత్తి త్వరగా పదును తేలుతుంది గాని మామిడికాయ, నిమ్మకాయ కోశాక వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు పడుతుంది. ఆ బాధ పడలేనివారు స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోవచ్చు. రాతి గట్టు మీద పెట్టి కోస్తే ఎంత ఖరీదైన చాకయినా మొద్దుబారుతుంది, కింద చెక్కపలక ఉండాలి. చేపలు, కోడిమాంసం కోసిన కత్తినీ పలకనూ సబ్బుతో కడగకుండా దోసకాయ ముక్కలు కొయ్యకూడదు.

వేలు తెగితే కాఫీపొడి, సున్నం, పసుపు అద్దకండి. కుళాయి నీళ్ళ కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకండి.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. దాని క్రిములుండేది మట్టిలో, పశువుల పేడలో. మెరిసే చాకు మీద మట్టి ఉన్నా ప్రమాదమే. గర్భిణులకు ఇంజెక్షన్లు ఇవ్వడం వల్లనూ, ఆసుపత్రి కాన్పులు పెరగడం వల్లనూ బాలింతల్లో, పసికందుల్లో ఈ జబ్బు దాదాపు పోయిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని గుర్తించింది. కాని ఇంట్లో మగవాళ్ళు, ముసలమ్మలు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో ఎవరికీ గుర్తుండదు. మట్టి పడిన గాయమయితే అయిదేళ్ళు, శుభ్రమైనదయితే పదేళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి. ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, చేపలు కోస్తూ చూపుడువేలు మొదట్లో కోసుకున్న ఒకావిడ వచ్చింది. గాయం అరంగుళం కూడా లేదు. రెండు కుట్లు వేసి పంపాను. వేలు వంచమని అడగలేదు. నెల తరువాత వచ్చి, "సూది పట్టుకోలేకపోతున్నానయ్యా" అంది. వేలిని వంచే తాడు, అంటే టెండన్, లోపల తెగిపోయింది. మొదటి వారం పది రోజుల్లో అయితే దాన్ని కలిపి కుట్టవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ తెగిన కొసలు వెనక్కు లాక్కుపోతాయి. పెద్దాసుపత్రికి పంపాను గాని వేలు పూర్తిగా వంగలేదు. ఆవిడ బట్టలు కుట్టి బతికే మనిషి. అప్పటినుంచీ కుట్టు వేసేముందు ప్రతి కణుపూ వంచి చూపించమంటాను. మీ డాక్టరు అడగకపోయినా మీరే వంచి చూపించండి.

అమ్మా, రెండోసారి తెగిన వేలు మూడు వారాలయినా కొసన తిమ్మిరిగానే ఉందని ఉత్తరం చివర ఒక్క ముక్క రాశారు. స్పర్శ తెలిపే నరం తెగి ఉండవచ్చు. కత్తి ఏది కొనాలో తరువాత చూసుకోవచ్చు. ఈ వారంలోనే రేపల్లె ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి, వాళ్ళు తెనాలిగాని గుంటూరుగాని వెళ్ళమంటే వాయిదా వెయ్యకండి.