మ్యూజియమునకు ఒంటరిగ

గుంపుగ బోయి చూచినది చూచుట కాదని మా యభిప్రాయము. ఈ మాటకు తల్లిదండ్రులు కొందఱు కోపింపవచ్చును. ఏలయన ఏటేట విహారయాత్రకని వారియొద్ద సొమ్ము వసూలు చేయువారము మేమే. కావున ముందుగ మా తప్పునే చెప్పుకొందుము.

కొన్ని సంవత్సరముల క్రిందట పైతరగతుల బాలురను అరువదిమందిని చెన్నపట్టణమునకు దీసికొనిపోతిమి. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు మేమిచ్చిన కాలము ఒక గంట. అందులో సగము తలలు లెక్కించుటతోనే సరిపోయెను. ఈల యూదుచు, ఒక ద్వారమున లోనికి ద్రోసి వేఱొక ద్వారమున వెలికి దీసితిమి. పిదప వ్యాసము వ్రాయుడనగా సగముమంది తిమింగిలపు టెముకలను గూర్చియు, తక్కినవారు ఐసుక్రీమును గూర్చియు వ్రాసిరి.

గడచిన వేసవిలో మరల బోతిమి. 'మేము' అనుట వాడుకచొప్పున, పోయినది ఒక్కరమే. సెంట్రలు స్టేషనునుండి కాలినడకనే బయలుదేరితిమి. దారిలో 1821వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన సెయింట్ ఆండ్రూసు దేవాలయమున్నది. అచ్చటి నేల మెత్తనిదగుటచే బావులు త్రవ్వి వానిపై పునాది నిలిపిరి. ఆ వీథిని ఎన్నిమారులు పోయియుంటిమో! లెక్కింపవలసిన తలలు లేకపోవుటచే నేటికి దాని శిఖరము మా కంటబడెను.

మ్యూజియము 1851లో స్థాపింపబడినది. అందు అమరావతీ శిల్పములున్న శాలలో మేము నిలిచిపోతిమి. వానిని చలువరాళ్లని పిలుచుట వాడుకయే గాని నిజమునకవి పల్నాటి సున్నపురాళ్లు. 1845లో వాల్టరు ఇలియట్ దొర త్రవ్వించి పట్టణమునకు జేర్చిన రాళ్లలో పెక్కులు 1859లో లండనునకు బోయినవి. మా బాలురలో ననేకులు కృష్ణాతీరపు గ్రామములవారు. తమ యేటియొడ్డు రాళ్లున్న చోటికి రైలెక్కి పోయి, వానిని చూడకయే తిరిగివచ్చిరి!

ఆ రాళ్లలో నళగిరి యను మదపుటేనుగు కథ చెక్కిన చక్రమొకటి కలదు. మొదట అందు రెండేనుగులున్నవనుకొంటిమి. ఒకటి వీథిలో జనులను చెండాడుచున్నది. మఱియొకటి బుద్ధుని పాదములయొద్ద మోకరిల్లినది. పైన గవాక్షములనుండి జనులు తొంగిచూచుచున్నారు. చాలసేపటికి గాని ఆ రెండును ఒకే యేనుగని మాకు తోచలేదు. ఇరువది యేండ్లుగ చరిత్ర బోధించుచున్నవారము! సిగ్గయినను సంతోషమే కలిగెను.

కావున రాబోవు యాత్రలో సముద్రతీరము మొదలగునవి మాని, మ్యూజియమునకే పూటంతయు నియ్యవలెనని మా కోరిక. ప్రతి బాలుడును తనకు నచ్చిన వస్తువొక్కటి యెన్నుకొని, దాని యెదుట అరగంట ఒంటరిగ నుండవలెను. నోటుపుస్తకము వలదు. ఉపాధ్యాయులు ద్వారముకడ నుందురు గాక; తప్పిపోవుదురను భయ మక్కఱలేదు. కొందఱు బల్లలపై కునుకు తీయుదురు. తీయనిండు. ఈలతో తరిమినపుడు మాత్రము వారు మేలుకొనియుండిరా?

ఇంకొక సంగతి. నాటి యాత్రలో ఒక బాలుడు ఈ చక్రము నెదుటనే వెనుకబడెను. "మాస్టరుగారూ, ఈ యేనుగు..." అని యేమో యడుగబోయెను. మేము వాని చేయి పట్టి వరుసలోనికి లాగితిమి.