ఏ గింజతో చేశారో చెప్పండి

సీలియాక్ జబ్బు ఉన్నవాడికి మంచి బీరు దొరకడం కూడా ఒక సమస్యేనా అని అడిగేవాళ్లు చాలామంది. మానేస్తే పోలా, వైన్ ఉంది కదా, విస్కీ ఉంది కదా అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మనవైపు ఈ జబ్బు బాగా అరుదు. 2016లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఉత్తర భారతంలో 1.23 శాతం మందికి ఇది ఉంటే, దక్షిణాదిలో 0.10 శాతం మందికే ఉంది. అన్నం తినే ఇళ్లలో దీని పేరు వినకపోవడం సహజమే. సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటున్న నాక్కూడా, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా తగ్గని రక్తహీనతకు కారణం వెతుకుతూ డాక్టరు టీటీజీ రక్తపరీక్ష, ఆపైన ఎండోస్కోపీ చేయించాకే సంగతి తెలిసింది. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే మా శరీరం తన పేగు మీద తానే దాడికి దిగుతుంది. తిండిలోని సారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగిపోతాయి. దీనికి మందు లేదు. ఆ మూడు గింజలనూ జీవితాంతం దూరం పెట్టడమే వైద్యం.

పాలమూరు జొన్నరొట్టె తిని పెరిగినవాణ్ని కనుక చపాతీ పోయిందని నేను దిగులు పడలేదు. ఇంగువ డబ్బా మీద కూడా మైదా ఉందేమో చూసి కొనడం అలవాటైపోయింది. బీరు సంగతి అలా కాదు. ఎండాకాలం శనివారం సాయంత్రం, మిత్రుడి పెరట్లో గ్రిల్ మీద చికెన్ కాలుతుంటే, నలుగురూ చేతిలో చల్లటి డబ్బా పట్టుకుని ఊరి ముచ్చట్లు చెప్పుకుంటుంటే, అందులో కలవాలని ఎవరికైనా ఉంటుంది. ఆ చేదు, ఆ నురగ, గంటసేపు నిదానంగా సాగే ఆ తాగడం విస్కీలో రావు. తాగని వాళ్లను తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తాగేవాడు తన ఒంటికి హాని లేనిది ఏదో తెలుసుకుని తాగగలగాలి. నేను చెప్పదలచుకున్నది అంతే.

అమెరికాలో పెద్ద కంపెనీ నుంచి వచ్చిన మొదటి గ్లూటెన్ లేని బీరు జొన్నతో చేసిందే. 2006లో ఆన్‌హైజర్-బుష్ రెడ్‌బ్రిడ్జ్ పేరుతో దాన్ని తెచ్చింది. జొన్నతో బీరు చేస్తారని ఫోనులో చెబితే మా నాయిన ఓ పట్టాన నమ్మలేదు. ఆయన ఏళ్ల తరబడి జొన్న పండించిన మనిషి. ఆ తరం జొన్న బీర్లు చాలావరకు జొన్న సిరప్‌తో చేసినవి. తాగితే పల్చగా, కొంచెం తీయగా, చివర్లో నాలుకకు ఇనుము తగిలినట్టు ఉండేవి. బీరు లాంటిదేదో తాగామన్న తృప్తే తప్ప బీరు తాగినట్టు ఉండేది కాదు.

ఇందులో తయారుచేసేవాళ్ల తప్పు లేదు, చిక్కంతా గింజలోనే ఉంది. మొలకెత్తిన బార్లీలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుష్కలంగా ఉంటాయి. సుమారు 65 డిగ్రీల వేడిలో అవి చురుగ్గా పనిచేస్తాయి, బార్లీ పిండి కూడా ఆ వేడికే ఉడికి మెత్తబడుతుంది. జొన్న, చిరుధాన్యాల పిండి ఉడకాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. అంత వేడి పెడితే ఎంజైములు చచ్చిపోతాయి. అందుకని గింజను ఒకసారి ఉడికించి, చల్లార్చి, ఎంజైములు మళ్లీ కలిపి, వేడిని మెట్టుమెట్టుగా నడపాలి. బార్లీ పొట్టు పీపా అడుగున పొరలా పరుచుకుని రసాన్ని వడకడుతుంది. జొన్నకు ఆ పొట్టు లేదు, అందుకని వడ్ల ఊక తెచ్చి కలుపుతారు. గ్లాసు మీద నురగ నిలవడానికి కావలసిన ప్రొటీన్లు కూడా బార్లీలోనే ఎక్కువ. ఇంత తంటాలు పడి చేసిన నాలుగు డబ్బాల ప్యాక్ మామూలు ఆరు డబ్బాల ప్యాక్ కంటే ఎక్కువ ధర పలికితే నాకు బాధ లేదు. ఆ ధర ఎందుకో నాకు తెలుసు.

ఈ చిక్కును విప్పినవాళ్లు చిన్న బ్రూవరీల వాళ్లు. పోర్ట్‌లాండ్‌లో 2011లో హార్వెస్టర్ పేరుతో మొదలై తర్వాత గ్రౌండ్ బ్రేకర్ అయిన బ్రూవరీ చెస్ట్‌నట్‌లను, పప్పుగింజలను వేయించి బీరులో వాడింది. మాంట్రియల్ బ్రూవరీ గ్లూటెన్‌బెర్గ్ 2012 వరల్డ్ బీర్ కప్‌లో గ్లూటెన్ లేని విభాగంలో మూడు పతకాలనూ తానే గెలుచుకుంది. మా సియాటిల్‌లో 2015లో గోస్ట్‌ఫిష్ మొదలైంది. మొలకెత్తించిన చిరుధాన్యం, బక్‌వీట్, బియ్యం వాళ్ల సరుకు. వాళ్ల గ్రేప్‌ఫ్రూట్ ఐపీఏ గ్లాసులో పోసిన క్షణం నాకింకా గుర్తుంది. పలచటి తేనెరంగు, పైన తెల్లటి నురగ, ముక్కు దగ్గర పెడితే పంపరపనస తొక్క ఒలిచినప్పటి వాసన. గుక్క మింగాక చేదు నాలుక అంచుల్లో కాసేపు ఆగింది. బార్లీ బీరు తాగే మా మిత్రుడొకడు నా గ్లాసులోంచి ఓ గుక్క తాగి, ఇంకోటి తెప్పించుకున్నాడు. ఆ చిరుధాన్యం మనకు కొత్తదేమీ కాదు. కొలరాడోలో విస్తారంగా పండి, మాల్ట్‌గా మారే ప్రోసో మిల్లెట్ మన వరిగలే.

ఇంత మంచి బీరు ఉన్నా నాకు నిశ్చింత లేదు. కారణం, అదే అలమారాలో పక్కనే ఇంకో రకం ఉంటుంది. అది బార్లీతోనే చేసిన బీరు. పులియబెట్టేటప్పుడు ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసిన ఎంజైము ఒకటి వేస్తారు. చల్లబడినప్పుడు బీరు మసకబారకుండా ఉండటానికి కనిపెట్టిన ఎంజైము అది. గ్లూటెన్‌ను ముక్కలు చేస్తుందని ఇప్పుడు ఇందుకూ వాడుతున్నారు. అయితే ఆ ముక్కల్లో మా పేగుకు పడనివి ఎన్ని మిగిలాయో కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో 31 మంది సీలియాక్ రోగుల రక్తాన్ని పరీక్షిస్తే, ఇద్దరి రక్తం ఈ రకం బీరుకు స్పందించింది, గ్లూటెన్ లేని గింజల బీరుకు స్పందించలేదు. చిన్న పరిశోధనే. కానీ ఆ ఇద్దరిలో నేను ఉండనని నాకు ఎవరు హామీ ఇస్తారు?

అమెరికా ఎఫ్‌డీఏ ఈ విషయంలో సరిగ్గా ఆలోచించింది. పులిసిన పదార్థాన్ని గ్లూటెన్-ఫ్రీ అనాలంటే పులియకముందే అందులో గ్లూటెన్ లేదని చూపాలని 2020 ఆగస్టులో నిబంధన తెచ్చింది. అందుకని బార్లీ బీరు మీద గ్లూటెన్ తొలగించడానికి ప్రాసెస్ చేసినది అని మాత్రమే రాసుకోవచ్చు. ఐరోపాలో అలా కాదు. కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉందని పరీక్షలో తేలితే చాలు, బార్లీ బీరు కూడా గ్లూటెన్-ఫ్రీ అనిపించుకుంటుంది. బార్సిలోనా డామ్ కంపెనీ వాళ్ల డౌరా అలాంటిదే. సీసాలో ఉన్నది ఒకటే, దేశం మారితే దాని మీది మాట మారుతోంది.

ఇక్కడ అమెరికాలో కూడా లేబుల్ దాకా వెళ్లిన నిబంధన బారు బల్ల దాకా రాలేదు. ఓ చోట గ్లూటెన్ లేనిది కావాలని స్పష్టంగా అడిగితే, వడ్డించే అమ్మాయి గ్లాసులో పోసి తెచ్చింది. డబ్బా చూపించమని పట్టుబడితే తెచ్చి ఇచ్చింది. అడుగున, గోరంత అక్షరాల్లో, మాల్టెడ్ బార్లీ అని ఉంది. మా కస్టమర్లందరూ ఇదే తాగుతారు, ఏమీ కాలేదు అంది. ఆమె మంచి మనసుతోనే అంది. కానీ ఈ జబ్బులో కడుపునొప్పి రాకపోయినా పేగు పాడవుతూనే ఉండొచ్చు. నా విషయంలో జరిగింది అదే. బయటికి కనిపించింది రక్తహీనత ఒక్కటే.

ఈ మాటలు తెలుగు పత్రికలో ఎందుకంటే, మనది జొన్న నేల. జొన్న మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న ఇక్రిశాట్ పటాన్‌చెరులోనే ఉంది. 1988లో నైజీరియా బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధిస్తే అక్కడి బ్రూవరీలు జొన్నకు మళ్లాయి, దేశమంతా ఆ బీరే తాగింది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలు గోధుమ బీరు ఎంతో శ్రద్ధగా చేస్తున్నాయి. జొన్నతో, రాగులతో, వరిగలతో ఒక్క బీరు చేయలేరా? దానికి వేరే పీపా, వేరే మర, వేరే గొట్టాలు ఉండాలి. మరలో గోధుమ పిండి దుమ్ము మిగిలి ఉంటే చేసిందంతా దండగ. మనకు స్వచ్ఛమైన కల్లు ఉంది కదా అంటే, ఉంది. తాటి కల్లులోనూ ఈత కల్లులోనూ గ్లూటెన్ ఉండదు. ఊరికి వచ్చినప్పుడు చెట్టు కింద మా కళ్ల ముందు దించిన కల్లయితే ఆనందంగా తాగుతాను. పట్నంలో మత్తుమందులు కలిపిన కల్లు తాగి మనుషులు చనిపోయిన వార్తలు చదివాక, దుకాణం కల్లు మాత్రం ముట్టను.

జొన్న బీరు వచ్చేదాకా, సీలియాక్ ఉన్న మనిషిని ఇంటికి పిలిచేవాళ్లకు ఒక్క మనవి. కొనేముందు డబ్బాను తిప్పి, వెనక వైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఏం రాశారన్నది మాకు ముఖ్యం కాదు. వెనక చిన్న అక్షరాల్లో బార్లీ, గోధుమ, రై లలో ఏ ఒక్కటి కనిపించినా ఆ డబ్బా మాకు వద్దు.